మాడిన గిన్నెలను గీతలు పడకుండా శుభ్రం చేయడం ఎలా?

పాలు కాచేటప్పుడో, పప్పు ఉడికేటప్పుడో గిన్నె అడుగంటితే చాలామంది వెంటనే ఇనుప పీచు తీసుకొని బలంగా తోముతారు. అలా తోమితే మాడు సగమే పోతుంది, గిన్నెకు మాత్రం గీతలు మిగిలిపోతాయి. ఆ గరుకు మీద మరుసటిసారి పాలు మరింత సులువుగా అంటుకుంటాయి. తోమడానికి ముందే మాడును మెత్తబరచాలి. దేనితో మెత్తబరచాలన్నది గిన్నె ఏ లోహానిదో చూసి నిర్ణయించుకోవాలి.

మాడు వాసన రాగానే పొయ్యి ఆపి, అడుగు కదపకుండా పైన ఉన్న పదార్థాన్ని మరో గిన్నెలోకి వంచుకోవాలి. కాలుతున్న గిన్నెలో చన్నీళ్లు పోయకూడదు, ఎందుకంటే ఒక్కసారిగా చల్లబడితే దాని అడుగు వంకరపోయి, ఆ తరువాత పొయ్యి మీద సరిగా కూర్చోదు.

స్టీలు గిన్నెకు వంటసోడాను మించినది లేదు. చల్లారిన గిన్నెలో మాడు మునిగేంత నీరు పోసి, లీటరు నీటికి రెండు పెద్ద చెంచాల చొప్పున సోడా కలిపి, సన్నని సెగపై పది నిమిషాలు మరిగించాలి. మరుగుతున్న నీటిలో సోడా వేస్తే ఒక్కసారిగా పొంగుతుంది కనుక, చన్నీళ్లలోనే కలపడం మంచిది. నీరు గోధుమరంగుకు తిరిగి, మాడు అంచులు రేకుల్లా పైకి లేస్తున్నాయంటే సోడా క్షారగుణం పనిచేసినట్టే. పొయ్యి ఆపి, గోరువెచ్చగా అయ్యేవరకు అలాగే ఉంచి, చెక్క గరిటెతో నెట్టితే చాలా భాగం ఊడివస్తుంది. మిగిలిన మచ్చలకు తడి సోడాను ముద్దగా పట్టించి, రాత్రంతా ఉంచి, ఉదయం కొబ్బరి పీచుతో తోమాలి. అప్పటికీ పోకపోతే బలం పెంచకుండా మరోసారి మరిగించడమే మేలు.

సోడా, వెనిగర్ కలిపి పోయమని చాలామంది సలహా ఇస్తారు. ఆ నురుగు చూడటానికి బాగానే ఉంటుంది గానీ, క్షారమూ ఆమ్లమూ కలిస్తే ఒకదాని గుణాన్ని మరొకటి తగ్గించేస్తాయి. వెనిగర్‌ను విడిగా వాడుకోవాలి: స్టీలు మీద వేడికి ఏర్పడే నీలిరంగు మరకలను వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిస్తే పోతాయి.

అల్యూమినియం గిన్నెల్లో, కుక్కర్లలో మాత్రం సోడా మరిగించకూడదు. క్షారం ఆ లోహాన్ని తింటుంది, గిన్నె నల్లబడుతుంది. వీటికి పులుపే మందు. నిమ్మకాయంత చింతపండునో, పిండేసిన నిమ్మచెక్కలనో లీటరు నీటిలో వేసి పావుగంట మరిగిస్తే మాడు వదులవడమే కాక, లోపలి నలుపు కూడా తగ్గుతుంది.

నాన్‌స్టిక్ పెనానికి గోరువెచ్చని సబ్బునీరు, మెత్తని స్పాంజి చాలు. దానికి లోహపు పీచు ఏదీ తగలనివ్వకూడదు. ఇనుప మూకుడును ఎక్కువసేపు నానబెడితే తుప్పు పడుతుంది కాబట్టి, రాళ్ల ఉప్పుతో రుద్ది, వెంటనే కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, పలుచగా నూనె రాసి పెట్టాలి.

మొండి మాడు పోవాలని బ్లీచింగ్ పౌడరును వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ ఎట్టి పరిస్థితిలోనూ కలపకండి. వాటి నుంచి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.