మీ ఊరి డ్వాక్రా సంఘానికి వాట్సాప్, ఫేస్‌బుక్ నేర్పించాలంటే ఎలా?

మొదటిసారి నేను ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్ మోసుకుని వెళ్లాను. సోషల్ మీడియా అంటే ఏమిటి, దాని వల్ల లాభాలేమిటి అంటూ ముప్పై స్లైడ్లు. పది నిమిషాలయ్యేసరికి సగం మంది వాయిదా డబ్బులు లెక్కపెట్టుకోవడంలో పడ్డారు. ఓ పిన్ని మాత్రం మొహమాటానికి చివరిదాకా కూర్చుని, "బాగా చెప్పావు బాబూ, ఇంతకీ మా కోడలు గ్రూపులో పెట్టే ఫొటోలు నా ఫోన్లో ఎందుకు తెరుచుకోవట్లేదు?" అంది. చూస్తే గుడ్ మార్నింగ్ వీడియోలతో మెమరీ నిండిపోయి ఉంది. అవి తీసేయడం నేర్పిన పది నిమిషాలే ఆ రోజు ఎవరికైనా పనికొచ్చింది.

కాబట్టి స్లైడ్లు వద్దు. ముందు ఊళ్లో సంఘాల పనులు చూసే వీఓఏని కలవండి, చాలా ఊళ్లలో ఆమెని ఇప్పటికీ యానిమేటర్ అనే పిలుస్తారు. సంఘం మీటింగ్ ఎప్పుడో, ఎవరింటి అరుగు మీదో ఆమెకే తెలుసు. పొదుపు, వాయిదాలు కట్టడం అయిపోయాక అరగంట అడగండి, అంతే. నాట్లప్పుడు, మిర్చి కోతలప్పుడు అసలు అడగొద్దు, ఎవరూ రారు, వచ్చినా పాపం కునికిపాట్లు పడతారు.

ఆ మొదటి అరగంటలో మీరేమీ నేర్పొద్దు. ఫోన్‌తో ఏ పని కావాలో అడిగి రాసుకోండి. మా సంఘంలో వచ్చినవి మూడే: పచ్చళ్లు, సున్నుండలు ఊరి బయట అమ్మడం, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్, "ఎవడో ఫోన్ చేసి భయపెడుతున్నాడు". ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ గురించి ఎవరూ అడగలేదు, నేనూ ఎత్తలేదు.

నేర్పేటప్పుడు ఐదారుగురి కంటే ఎక్కువ ఉండొద్దు, ఎవరి ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. "ఇలా ఇవ్వు అక్కా, నేను చేస్తా" అని లాక్కోవాలనిపిస్తుంది, చేతులు కట్టుకుని కూర్చోండి. టైపింగ్ రాదంటే కీబోర్డ్‌లో తెలుగు పెట్టి మైక్ బొమ్మ చూపించండి, మాట్లాడితే అక్షరాలు పడుతుంటే వాళ్ల మొహాలు చూడాలి! ఫోన్ భాష మొత్తం తెలుగులోకి మార్చేముందు మాత్రం అడగండి, కొందరు బొమ్మల గుర్తుతో నడిపేస్తుంటారు, మారిస్తే ఉన్నదీ పోతుంది.

ఓటీపీ, పిన్ వచ్చే చోట మీరు మొహం అటు తిప్పుకోండి. నేర్పడానికి వచ్చిన అబ్బాయే ఓటీపీ చెప్పమంటే, రేపు ఇంకెవరు అడిగినా చెప్పేస్తారు.

ఇక అమ్మకాల సంగతి. వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే, మామూలు వాట్సాప్ ఉన్న ఫోన్లోనే వేరే నంబర్‌తో నడుస్తుంది. ఆ నంబర్ సంఘానిదై ఉండాలి, ఎవరి ఫోన్లో ఉంటుందో, రీచార్జ్ ఎవరు చేయిస్తారో మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాయించండి. నెలల తరబడి రీచార్జ్ లేకపోతే ఆ నంబర్ కంపెనీ ఇంకొకరికి ఇచ్చేస్తుంది, ఆర్డర్లు ఎవరికో వెళ్తాయి. ఆ యాప్‌లో సరుకులు చూపించే క్యాటలాగ్‌లో ఐదు రకాలతో మొదలుపెట్టండి. ఫొటోలు పొద్దున్న పూట వసారాలో, ఫ్లాష్ లేకుండా. బరువు, ధర, ఎప్పుడు తయారుచేసిందో రాయాలి. "ధర మెసేజ్‌లో చెప్తాం" అంటే సగం మంది అక్కడే ఆగిపోతారు.

కొన్నవాళ్లందర్నీ గ్రూపులో పడేయొద్దు, రెండో రోజుకే బయటికెళ్లిపోతారు. ఒకే మెసేజ్ అందరికీ విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు, కానీ అది సంఘం నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే ప్రతి ఆర్డర్ చివర "మా నంబర్ సేవ్ చేసుకోండి" అని అడగడం అలవాటు చేయించాం.

ఫేస్‌బుక్ పేజీ కావాలంటే నా తప్పు మీరు చేయకండి. నా అకౌంట్‌తో పేజీ తెరిచి, వాళ్లకి ఎవరికీ యాక్సెస్ ఇవ్వలేదు. తర్వాత నా అకౌంట్ లాక్ అయిపోయింది, పేజీలో పాత నంబర్ అలాగే ఉండిపోయింది, ఆవకాయ సీజన్ మొత్తం అడిగినవాళ్లకి జవాబిచ్చే దిక్కు లేదు. మొదటి లీడరుకి, రెండో లీడరుకి ఇద్దరికీ పూర్తి యాక్సెస్ ఉండాలి, మీరు లేకపోయినా నడవాలి.

మోసాల గురించి ఉపన్యాసం ఇస్తే ఎవరికీ ఎక్కదు. నాటకం ఆడండి. నేను పక్క గదిలోంచి ఫోన్ చేసి, "అమ్మా, మీకు డబ్బులు పంపిస్తున్నా, ఆ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నాను. ఇద్దరు కొట్టబోయారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి అన్న మాట ఆ రోజు నుంచి మర్చిపోలేదు. పెళ్లి పిలుపు, ట్రాఫిక్ చలానా, రైతు పథకం పేరుతో వచ్చే ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోన్లో యాప్ ఎక్కించేవి) తెరవొద్దనీ, వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్సు వేసుకుని డిజిటల్ అరెస్ట్ అంటే అలాంటిది మన చట్టంలోనే లేదనీ చెప్పండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే దాన్ని ఆపే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబర్ అక్కడే అందరి ఫోన్లలో సేవ్ చేయించండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ కూడా అప్పుడే పెట్టించేయండి, ఆరంకెల పిన్, రెండు నిమిషాల పని.

నన్ను నిజంగా భయపెట్టింది మాత్రం వేరేది. లోన్ కాగితాల కోసం అందరూ ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు గ్రూపులోనే పెట్టేస్తున్నారు, అవి నెలల తరబడి అక్కడే ఉంటున్నాయి. వీఓఏకి విడిగా పంపి, పనయ్యాక తీసేయడం అలవాటు చేయించడానికి నాకు మూడు మీటింగులు పట్టింది, ఇప్పటికీ ఒకరిద్దరు పెడుతూనే ఉన్నారు.

నాలుగైదు సార్లు వెళ్లాక, డిగ్రీ చదివే కూతుళ్లలో ఒకరికి బాధ్యత అప్పగించి మీరు తప్పుకోండి. మీ నంబర్ ఇస్తే ఏ టైంలో ఫోన్ చేయొచ్చో కూడా చెప్పి ఇవ్వండి. నేను చెప్పలేదు, రాత్రి పదకొండింటికి ఫోన్: "బాబూ, స్టేటస్‌లో అరిసెల ఫొటో తలకిందులుగా పడింది, కొంచెం నిలబెడతావా?"