గ్యాస్ నొప్పేనని తెల్లవార్లూ ఆగకండి: క్లోమం వాపు లక్షణాలు, కారణాలు, చికిత్స

సమస్య: బొడ్డుకు పైన ఉన్నట్టుండి మొదలైన నొప్పి వీపులోకి పొడుచుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, ముందుకు వంగితే కాస్త తగ్గుతుంది. వాంతి అయినా ఊరట ఉండదు. పర్లాకిమిడిలో మా మామయ్య ఆ రాత్రంతా మంచం అంచున వంగి కూర్చుని, దిండును పొట్టకు అదుముకున్నారు. మేమేమో వాము నీళ్లు, గ్యాస్ మాత్రలు ఇస్తూ కూర్చున్నాం. ఆ పొరపాటు మీ ఇంట్లో జరగకూడదు.

కారణం: పొట్ట వెనక ఉండే క్లోమంలో (పాంక్రియాస్) ఊరే జీర్ణరసాలు పేగులోకి చేరాకే పని మొదలుపెట్టాలి. లోపలే మొదలుపెడితే క్లోమాన్నే అరిగించేస్తాయి. ఎక్కువమందిలో దీనికి మూలం పిత్తాశయం (గాల్‌బ్లాడర్) నుంచి జారి నాళానికి అడ్డుపడిన రాయి, లేదంటే మద్యం. ఇప్పసారా, జీలుగు కల్లు మన అడవి సరుకే కదా, హాని చేయవని రాయగడ, గజపతి జిల్లాల్లో చాలామంది నమ్ముతారు. వాటిలో ఉన్నదీ ఆల్కహాలే. తాగుడు అలవాటు లేదని ఆడవారి నొప్పిని తేలిగ్గా తీసుకోకండి, పిత్తాశయంలో రాళ్లు వారిలోనే ఎక్కువ. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు డెసిలీటరుకు 1000 మిల్లీగ్రాములు దాటినా, కొన్ని మందుల వల్లా ఈ వాపు రావచ్చు.

నిర్ధారణ: ఈ తరహా నొప్పి, రక్తంలో లైపేజ్ లేదా అమైలేజ్ (క్లోమం తయారుచేసే జీర్ణ ఎంజైములు) గరిష్ఠ పరిమితికి 3 రెట్లు దాటడం, స్కానింగ్‌లో వాపు కనిపించడం. ఈ మూడింటిలో రెండు ఉంటే చాలు. లైపేజ్ అంకె ఎంత పెద్దదైతే జబ్బు అంత తీవ్రమని భయపడనక్కర్లేదు. రాళ్ల కోసం అల్ట్రాసౌండ్ తప్పనిసరి. గుండెపోటు కూడా కొన్నిసార్లు ఇలాగే మొదలవుతుంది కాబట్టి ఈసీజీ తీయించండి.

పరిష్కారం: దీనికి ఇంటి వైద్యం లేదు, 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో సెలైన్, నొప్పి మందు ఇస్తూ మూత్రం ఎంత వస్తోందో కొలుస్తారు. ఇన్ఫెక్షన్ లేకపోతే యాంటీబయాటిక్ అవసరం ఉండదు. రోజుల తరబడి పస్తు పెట్టడం పాత పద్ధతి. జబ్బు తేలికపాటిదైతే, వాంతులు తగ్గి ఆకలి వేయగానే మెత్తని అన్నం పెట్టవచ్చు. ఎక్కువమంది వారంలోపే కోలుకుంటారు. ఆయాసం, మగత, మూత్రం తగ్గడం కనిపిస్తే మాత్రం ఐసీయూ ఉన్న చోటికి వెంటనే తరలించాలి. బరంపురమైనా, కోరాపుటైనా, శ్రీకాకుళమైనా సరే, రక్తపరీక్షల కాగితాలు, మూత్రం లెక్క వెంట తీసుకెళ్లండి. కామెర్లతో పాటు చలిజ్వరం వస్తే నాళంలోని రాయిని ఎండోస్కోపీతో 24 గంటల్లోపు తీయాలి.

రాయి వల్ల వచ్చిన తేలికపాటి వాపైతే ఇంటికి పంపేలోపే పిత్తాశయం తీసేయడం మంచిది. మా మామయ్యకు పిత్తాశయం తీయకుండానే ఇంటికి పంపేశారు. పదిహేను రోజులకు మళ్లీ అదే మంచం, అదే దిండు. డిశ్చార్జి కాగితం చేతికి ఇచ్చేటప్పుడు ఆపరేషన్ ఎప్పుడని గట్టిగా అడగండి, తేదీ రాయించుకున్నాకే కదలండి.