ఫొటో చూసి ముఖం గీయాలంటే

పోలిక కుదరకపోతే చెయ్యి తిరగలేదనుకుంటాం గానీ, చాలాసార్లు తప్పు ఫొటోలోనే ఉంటుంది. గోడకు తగిలించుకోవడానికి బాగుండే ఫొటో గీయడానికి పనికిరాకపోవచ్చు. అందుకే వీలున్నప్పుడల్లా బొమ్మ గీసేవాళ్లే ఫొటో తీసుకోవాలి.

అన్నిటికన్నా ముందు దూరం చూసుకోండి. ఫోన్‌ను ముఖానికి అడుగు, అడుగున్నర దూరంలో పెడితే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. సెల్ఫీ చూసి గీస్తే వచ్చే చిక్కు ఇదే: ప్రతి కొలతా సరిగ్గా దించినా ఇంట్లోవాళ్లు గుర్తుపట్టరు. ఆరేడు అడుగుల దూరంలో ఉండి, రెండింతల జూమ్ పెట్టి, ఫోన్‌ను ఎదుటివాళ్ల కళ్ల ఎత్తులో పట్టుకోండి. కూర్చున్నవాళ్లను నిలబడి తీస్తే నుదురు పెద్దదై గడ్డం కుంచించుకుపోతుంది.

వెలుగు ఒక్క వైపు నుంచే రావాలి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన కుర్చీ వేయండి. ట్యూబ్‌లైట్ ఆర్పి, ఫ్లాష్, బ్యూటీ మోడ్ రెండూ తీసేయండి. నీడ వైపు చెంప మీద, కంటి కింద చిన్న ముక్కోణపు వెలుగు మిగిలేదాకా తల మెల్లగా తిప్పించండి. ఫొటోగ్రాఫర్లు రెంబ్రాంట్ లైటింగ్ అనేది దీన్నే. ముక్కు ఎత్తు, చెంప ఎముక, పెదవి మడత ఈ వెలుగులో చక్కగా తెలుస్తాయి.

తెల్ల చొక్కా ఎక్కువ భాగం కనిపిస్తే ఫోన్ ముఖాన్ని నల్లబరుస్తుంది. ముదురు రంగు చీర అయితే ముఖాన్ని ఉన్నదానికన్నా తెల్లగా చూపిస్తుంది. తెర మీద ముఖం ఉన్నచోట వేలు కాసేపు నొక్కి ఉంచి ఎక్స్‌పోజర్ (ఫొటోకు ఫోన్ తీసుకునే వెలుగు) లాక్ చేసి, కదలకుండా మూడు ఫొటోలు తీయండి: ఒకటి మామూలుగా, ఒకటి వెలుగు తగ్గించి, ఒకటి పెంచి. నుదుటి మీద మెరుపు రెండోదాంట్లో, దవడ కింది నీడలోని వివరం మూడోదాంట్లో దొరుకుతాయి. గీసేటప్పుడు మూడూ ఎదురుగా ఉండాలి.

ఇక గళ్లు. ఫొటో మీద, కాగితం మీద ఒకే లెక్కన గళ్లు గీసుకుని, ఫొటోలో ఒక్కో గడిలో ఉన్నదాన్ని కాగితం మీద అదే గడిలోకి దించడానికే ఇవి. ఎ3 కాగితం మీద గీసేటట్టయితే ఫొటోను ఎ4 కాగితంలో సరిగ్గా 14 × 20 సెంటీమీటర్లకు ప్రింట్ తీయించి 2 సెంటీమీటర్ల గళ్లు గీయండి. బొమ్మకు 28 × 40 సెంటీమీటర్ల చట్రం గీసి అందులో 4 సెంటీమీటర్ల గళ్లు వేయండి. రెండింట్లోనూ అడ్డంగా 7, నిలువుగా 10 వస్తాయి. జిరాక్స్ షాపులో పేజీ నిండాలని ఫొటోను సాగదీస్తుంటారు, అక్కడే స్కేలు పెట్టి కొలుచుకోండి. కళ్లు, పెదవులు ఉన్న గళ్లను మళ్లీ నాలుగు చేస్తే పని తేలికవుతుంది. కాగితం మీద గళ్లకు హెచ్‌బీ పెన్సిల్ చాలు, అదీ ఒత్తకుండా. ఒత్తితే గాడి పడుతుంది, తర్వాత 6బీ (మెత్తగా, ముదురుగా పడే పెన్సిల్) రుద్దినప్పుడు ఆ గాడి తెల్ల గీతై తేలుతుంది. నీడలు మొదలుపెట్టకముందే గళ్లు చెరిపేయాలి.

నీడల దగ్గరే ఎక్కువ బొమ్మలు చెడిపోతాయి. కెమెరా లోతైన నీడను నల్లముద్ద చేస్తుంది, దాన్ని ఉన్నదున్నట్టు దించితే ముఖానికి మసి పూసినట్టుంటుంది. ఫొటోను నలుపు తెలుపు చేసి, కళ్లు సగం మూసి చూస్తూ ఐదు టోన్లుగా, అంటే వెలుగు నుంచి చీకటి దాకా ఐదు మెట్లుగా విడగొట్టండి: కాగితం తెలుపు, హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ. ఈ ఐదింటినీ ఒక కాగితం ముక్క మీద వరుసగా రుద్ది పక్కన ఉంచుకోండి. 6బీ కంటిపాపకు, ముక్కు రంధ్రాలకు, పెదవుల మధ్య గీతకు, జుట్టులో ముదురు చోట్లకు మాత్రమే. నీడ చెంప ఎంత ముదురైనా 4బీ దాటనివ్వద్దు. దవడ కింద చొక్కా నుంచి తిరిగొచ్చే పలచని వెలుగు ఉంటుంది. దాన్ని బొమ్మలో చూపించకపోతే మెడ, ముఖం అతుక్కుపోతాయి. అలాగని వెలుగు పడ్డ చెంపతో సమానం చేసినా తప్పే.

ఫొటోలో అంచులన్నీ ఒకేలా పదునుగా ఉంటాయి. బొమ్మలో కళ్ల దగ్గర పదును ఉంచి, చెవి, జుట్టు అంచు, భుజం మెత్తబరచండి.

రంగులైతే నీడకు నలుపు కలపొద్దు, చర్మం బూడిదబారుతుంది. బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు)లో కాస్త అల్ట్రామెరైన్ (ముదురు నీలం) కలిపితే చామనఛాయకు సరైన నీడ వస్తుంది. తెర చూసి వేసేవాళ్లు తెరను పసుపుబార్చే నైట్ మోడ్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయాలి.

పోయినవాళ్ల బొమ్మకు తరచూ పాత పాస్‌పోర్ట్ ఫొటో ఒక్కటే ఇస్తారు. ఫ్లాష్ వెలుగులో ముఖం చదునుగా ఉండి నీడలే కనిపించవు. అప్పుడు అదే వయసు, అలాంటి ముఖకట్టు ఉన్న బంధువును కిటికీ పక్కన అదే కోణంలో కూర్చోబెట్టి ఫొటో తీయండి. కొలతలు, కనుబొమలు, పెదవులు పాత ఫొటో నుంచి, నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలన్నది మాత్రం కొత్తదాని నుంచి తీసుకోండి. ముక్కు నీడ పొడవును ఆ బంధువు ముక్కు ప్రకారం కాక, పాత ఫొటోలోని ముక్కుకు తగ్గట్టు మార్చుకోవాలి.