స్టీమ్ ప్రెషర్ ఉంది, వేడి మాత్రం ఎక్కడం లేదు

లక్షణం: హీట్ ఎక్స్‌ఛేంజర్ షెల్ (ట్యూబుల చుట్టూ స్టీమ్ ఉండే బయటి డొల్ల) మీద గేజ్ 2 బార్ చూపిస్తోంది. కంట్రోల్ వాల్వ్ పూర్తిగా తెరిచే ఉంది. స్ట్రెయినర్ (చెత్తను ఆపే జల్లెడ), ట్రాప్ (స్టీమ్‌ని ఆపి, నీరైనదాన్ని మాత్రం బయటికి వదిలేది) చూసేశారు. అయినా ట్యూబుల్లోంచి వచ్చే ద్రవం కావలసిన వేడికి చేరడం లేదు.

"ట్యూబులకు స్కేల్ (లవణాల పెచ్చు) పట్టింది, బండిల్ (ట్యూబుల కట్ట) లాగేద్దాం" అంటారు వెంటనే. లాగకండి. ముందు స్టీమ్ లోపలికొచ్చే చోటికి దూరంగా ఉన్న థర్మామీటర్ చూడండి. ఎన్ని ప్లాంట్లలో చెప్పినా ఈ ఒక్క పని ఎవరూ చేయరు! గేజ్ మీద 2 బార్ అంటే వాతావరణ పీడనంతో కలిపి 3 బార్. స్టీమ్ టేబుల్లో (ఏ పీడనానికి స్టీమ్ ఎంత వేడో చెప్పే పట్టికలో) దానికి 133.5 డిగ్రీలు. థర్మామీటర్ కూడా అంతే చూపిస్తే ట్యూబుల వైపు వెళ్లండి. ద్రవం అదే ఫ్లోలో ఉన్నా ట్యూబుల్లో ప్రెషర్ డ్రాప్ మునుపటికంటే పెరిగి ఉంటే స్కేల్ మాట నిజమే కావచ్చు.

124 దగ్గర ఆగిందా? లోపల గాలి ఉంది. 124 డిగ్రీల్లో స్టీమ్ పీడనం 2.25 బార్, మిగతా 0.75 గాలిది. గేజ్ రెండింటినీ కలిపి చూపిస్తుంది.

తొమ్మిదిన్నర డిగ్రీలే కదా అనుకోకండి, అసలు దెబ్బ ట్యూబు గోడ దగ్గర. స్టీమ్ అక్కడికెళ్లి నీరై జారిపోతుంది. దానితో వచ్చిన గాలి మాత్రం, భోజనం అయినా బంతిలోంచి లేవనివాళ్లలా, అక్కడే ఉండిపోతుంది. వెనకొచ్చే స్టీమ్ ఆ పొరలోంచి డిఫ్యూజ్ అయితేగానీ (మెల్లగా చొచ్చుకెళ్తేగానీ) గోడను చేరదు. హీట్ ట్రాన్స్‌ఫర్ లోపంలా కనిపించేది నిజానికి స్టీమ్ గోడదాకా చేరలేని మాస్ ట్రాన్స్‌ఫర్ అడ్డంకి.

పరిష్కారం వెంట్ (గాలిని బయటికి వదిలే దారి), కానీ సరైన చోట. "పైన ఉంది కదా" అంటారు. స్టీమ్ కూడా అక్కడినుంచే వస్తుంటే ఆ వెంట్‌లోంచి పోయేది మంచి స్టీమే. ప్రవాహం గాలిని తోసుకుపోయి, తాను చివరగా చేరే మూలలో వదిలేస్తుంది. థర్మోస్టాటిక్ ఎయిర్ వెంట్ (వేడి తగ్గితే తనే తెరుచుకునేది) అక్కడ ఉండాలి. ప్రస్తుతానికి ఆ మూలన చేతి వాల్వ్ ఉంటే, మనుషుల వైపు కాకుండా చూసుకుని కొద్దిగా తెరవండి. థర్మామీటర్ పైకి కదిలితే జబ్బు తెలిసినట్టే, మందు పడినట్టే.

షట్‌డౌన్‌లో స్టీమ్ నీరై వాక్యూమ్ ఏర్పడుతుంది, గాలి లోపలికి లాగబడుతుంది. అందుకే ఇది స్టార్టప్ రోజున ఎక్కువ. స్కేల్ వారాల తరబడి మెల్లగా పడుతుంది. ట్రాప్ ఇన్వర్టెడ్ బకెట్ (లోపల బోర్లించిన బకెట్ ఉండే) రకమైతే ఆ బకెట్ చిన్న రంధ్రంలోంచి గాలి చాలా నెమ్మదిగా పోతుంది. ఎయిర్ వెంట్ ఉన్న బాల్ ఫ్లోట్ ట్రాప్ మేలు.

ఈ సమస్య లోడ్ తగ్గినప్పుడే, దడదడ శబ్దంతో వస్తే షెల్‌లో కండెన్సేట్ (స్టీమ్ చల్లబడి అయిన నీరు) నిలుస్తోంది, అది వేరే కథ. గేజ్ మీదే అనుమానమైతే ఇంకోటి బిగించి చూడండి.