వాళ్లకో రూలు, మనకో రూలా? అని తిట్టే ముందు ఇలా చూడండి

మా బావ భద్రాచలం దగ్గర అరెకరం చూసొచ్చాడు. రేటు తక్కువ, అమ్మే ఆయనా మనలాగే గిరిజనేతరుడు. "రిజిస్ట్రేషన్ అవదు, 1/70 ఉంది కదా, సాదా బైనామా, అంటే తెల్లకాగితం మీద అమ్మకం ఒప్పందం, రాసుకుందాం" అన్నాడట బ్రోకరు. ఇక బావ ఫోన్‌లో అరగంట: "డబ్బు నాది, భూమి ఆయనది, మధ్యలో గవర్నమెంటుకేం పని? చట్టం అందరికీ ఒకటే ఉండాలి గదా!" ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. రిజర్వేషన్ల గొడవకైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు అసలు రూల్ చదవండి, వాట్సాప్‌లో తిరిగేది కాదు. 1/70 అంటే 1959 నాటి భూ బదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ. ఏజెన్సీలో, అంటే ప్రభుత్వం గుర్తించిన గిరిజన ప్రాంతాల్లో, భూమి గిరిజనులకో, వాళ్ల సహకార సంఘానికో తప్ప ఎవరికి అమ్మినా చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచే వచ్చిందని చట్టం అనుకుంటుంది, కాదంటే రుజువు చేసుకోవాల్సింది వాడే. కొనే గిరిజనులు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం అడగొచ్చు. ఈ ముక్క బ్రోకర్లు చెప్పరు.

తర్వాత, ఏం జరిగితే ఈ రూల్ పుట్టిందో వెతకండి. టైమ్ అంతా ఇక్కడే పెట్టండి. అప్పిచ్చిన షావుకారు వడ్డీ కింద పంట పట్టుకుపోవడం, చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించుకోవడం, చివరికి పొలమే చేతులు మారడం, ఏజెన్సీలో పాత కథ. మద్రాసు ప్రభుత్వం 1917లోనే దీనికి అడ్డుకట్టగా ఒక చట్టం తెచ్చింది. 1959 రూల్ గిరిజనుల దగ్గర కొనడాన్ని కట్టడి చేసింది గానీ, గిరిజనేతరులు తమలో తాము అమ్ముకునే సందు మిగిలిపోయింది, 1970లో మూసింది సరిగ్గా ఆ సందునే. "అమ్మేవాడు గిరిజనుడు కాదుగా" అన్న బావ ప్రశ్నకి జవాబు ఇదే.

ఇప్పుడు ఎవరికీ ఎవరికీ మధ్య గీత గీశారో చూడండి. కోర్టులు 1950ల నుంచి అడిగేవి రెండే: ఎవర్ని ఎందుకు విడదీశారో స్పష్టంగా ఉందా, ఆ విభజనకీ చట్టం ఉద్దేశానికీ సంబంధం ఉందా? 1/70 ఈ పరీక్షలో నెగ్గింది, 1988లో సుప్రీంకోర్టు సమర్థించింది. నెగ్గనిదానికి ఐపీసీ 497 చూడండి, వ్యభిచారం కేసులో శిక్ష మగవాడికే ఉండేది. ఆడవాళ్లకి మేలనిపిస్తుంది కదా? కానీ భర్త ఒప్పుకుంటే నేరమే కాదు, అంటే భార్య ఆయన సొత్తన్నమాట! 2018లో కొట్టేశారు.

ఉద్దేశం మంచిదైనా మోతాదు చూడాలి. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని 2000లో జీవో 3 వచ్చింది. మైదానం నుంచి వేసిన టీచర్లు బడికి సరిగ్గా రావట్లేదన్నది కారణం, అబద్ధం కూడా కాదు. 2020లో సుప్రీంకోర్టు వంద శాతం కుదరదంది, 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉన్న కుటుంబమై ఉండాలన్న షరతునీ తప్పుపట్టింది. ఆ తేదీ సంగతిలో కోర్టుదే కరెక్టు. కానీ టీచర్ రాని బడి సంగతి తీర్పుతో తేలలేదనే నా బాధ.

ఇంకోటి, ఆ రూల్ పెద్దవాళ్లకీ వర్తిస్తుందో లేదో చూడండి. 1997లో సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో, ఏజెన్సీ భూమిని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకి లీజుకివ్వడం ప్రభుత్వానికీ కుదరదని తేలింది. ఈ రూల్ అరెకరం కొనబోయిన మా బావకి ఒక్కడికే అడ్డుపడలేదు.

ఇదంతా విని ఆయన అడిగింది: "మరి అక్కడి కూలీ పేరు మీద కొంటే?"

"అది బినామీ బావా. ఆ చట్టం అందరికీ ఒకటే."

ఫోన్ పెట్టేశాడు.