పాత సీపీయూకి కొత్త టీవీ పెడితే బొమ్మ రావట్లేదా? ఎక్కడ చూడాలంటే...

పర్లాకిమిడిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, దినకర్మ పత్రికలు చేస్తాం. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. అటువాళ్లకి కార్డు తెలుగులో కావాలి, ఊళ్లోవాళ్లకి చాలాసార్లు తెలుగూ ఒడియా రెండూ కావాలి. 1936లో ఈ ఊరు ఒరిస్సాలో కలిసినా ఇళ్లల్లో తెలుగు పోలేదు, అందుకే మా పని ఇంకా నడుస్తోంది. తెలుగు టైపుకి అను, ఒడియాకి అకృతి, రెంటికీ పేజీ కూర్చడానికి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్లు వాడతాం. ఇవన్నీ ఎక్కించిన సీపీయూ విండోస్ ఎక్స్‌పీ కాలంది. పదిహేనేళ్ల కార్డుల మేటర్ అందులోనే ఉంది. ఆ మేటర్‌ని అను లేని కొత్త కంప్యూటర్లో పెడితే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. కాబట్టి మానిటర్ పోయిందని సీపీయూని పాత సామాన్లకి వేసేయలేం.

మా చుట్టుపక్కల షాపుల్లో జరిగేది ఒకటే. డబ్బా మానిటర్ పోతుంది. ఇంట్లో టీవీ తెచ్చి పెడతారు. బొమ్మ రాదు. వెంటనే బజారుకెళ్లి ఒక వైరు కొంటారు, అదీ పనిచేయదు, ఇంకోటి కొంటారు. డబ్బు తీసేముందు టీవీ తెర మీద సరిగ్గా ఏం కనిపిస్తోందో నిదానంగా చూడండి. తప్పెక్కడుందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది.

"నో సిగ్నల్" అంటోంది, వైరు మాత్రం కొత్తదే

గుణుపూర్‌లో మా బావది కూడా ఇదే పని. పెళ్లిళ్ల సీజన్‌లో మానిటర్ పోయి, టెన్షన్‌గా ఫోన్ చేశాడు.

"ఆ వైరు మధ్యలో గానీ చివర గానీ చిన్న డబ్బా ఏమైనా ఉందా బావా?"

"డబ్బా ఏటీ లేదు. ఇటు వీజీఏ, అటు హెచ్‌డీఎంఐ. షాపువాడు సరిపోద్దన్నాడు."

సరిపోదు. పాత సీపీయూ వెనక నీలం రంగులో, మూడు వరసల్లో పదిహేను రంధ్రాలతో ఉండేది వీజీఏ. 1987లో ఐబీఎం తెచ్చింది. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు తీగల్లో వేర్వేరుగా వెళ్తాయి. సున్నా నుంచి 0.7 వోల్టుల మధ్య కరెంటు ఎంత పెరిగితే ఆ రంగు అంత ప్రకాశంగా వస్తుంది. కొత్త టీవీ వెనక ఉండేది హెచ్‌డీఎంఐ, దాని మొదటి ప్రమాణం వచ్చింది 2002లో. అందులో బొమ్మంతా అంకెలుగా మారి వెళ్తుంది. రెండూ రెండు వేరే భాషలు, మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ పని చేసే చిప్ లేకుండా, రెండు వైపులా రెండు రకాల పిన్నులు అతికించిన ఉత్త వైరుతో టీవీకి బొమ్మ రాదు. ఎంత ఖరీదైన వైరైనా రాదు.

కావలసింది కన్వర్టర్. దానికి వీజీఏ మగ పిన్నులతో పాటు కరెంటు కోసం ఒక యూఎస్‌బీ తోక, సౌండ్ కోసం 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉంటాయి. కొనేటప్పుడు ఇంకో మోసపోయే చోటు ఉంది: దిశ. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కూడా చూడ్డానికి దాదాపు ఇలాగే ఉంటుంది, బజార్లో అదే ఎక్కువ దొరుకుతుంది. కొత్త లాప్‌టాప్‌ని పాత ప్రొజెక్టర్‌కి కలపడానికి అది. తిప్పి పెడితే పనిచేయదు. డబ్బా మీద "వీజీఏ టు హెచ్‌డీఎంఐ" అని అదే వరసలో ఉందో లేదో చదవండి. బాణం గుర్తుంటే అది టీవీ వైపు చూపించాలి.

కన్వర్టర్ సరైనదే అయినా నో సిగ్నలేనా? యూఎస్‌బీ తోక పెట్టారా? కొన్ని కన్వర్టర్లు వీజీఏలోని తొమ్మిదో పిన్ను నుంచి వచ్చే 5 వోల్టులతో నెట్టుకొస్తాయి, కానీ కొన్ని పాత గ్రాఫిక్స్ కార్డులు ఆ కరెంటు ఇవ్వవు. తోకని సీపీయూ వెనక యూఎస్‌బీలో గానీ మామూలు ఫోన్ చార్జర్‌లో గానీ పెట్టండి.

అప్పటికీ రాకపోతే సీపీయూ వెనక మళ్లీ చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న వాటిలో చాలావరకు రెండు వీజీఏలు ఉంటాయి. ఒకటి పైన కీబోర్డు, మౌస్ జాకుల పక్కన, ఇంకోటి కింద అడ్డంగా కార్డు మీద. కార్డు ఉంటే పైది సాధారణంగా ఆగిపోతుంది. వైరు కిందదానికి పెట్టాలి. లాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ బటన్ పట్టుకుని, మానిటర్ బొమ్మ ఉన్న ఎఫ్ బటన్ నొక్కండి. విండోస్ 7 నుంచి విండోస్ బటన్, పీ కలిపి నొక్కినా చాలు.

కార్డు మీద తెల్లటి డీవీఐ సాకెట్ కనిపిస్తే మీ అదృష్టం. డీవీఐ, హెచ్‌డీఎంఐ రెండూ అంకెల భాషే మాట్లాడతాయి, కాబట్టి చిప్ లేని చవక వైరు చాలు. బావ సీపీయూ వెనక దుమ్ము తుడిస్తే అదే బయటపడింది, కన్వర్టర్ ఖర్చు తప్పింది.

విండోస్ గుర్తు వరకు వస్తుంది, తర్వాత తెర నల్లబడి "అవుట్ ఆఫ్ రేంజ్" అంటుంది

ఇది వైరు తప్పు కాదు, కాబట్టి వైరు మార్చకండి. బొమ్మ సెకనుకి ఎన్నిసార్లు మారుతుందో చెప్పేది హెర్ట్జ్. డబ్బా మానిటర్ 60 హెర్ట్జ్‌లో మిణుకుమని కళ్లు లాగేసేది. అందుకే అప్పట్లో అందరం 75 గానీ 85 గానీ పెట్టుకున్నాం. ఎక్స్‌పీకి ఇప్పటికీ అదే గుర్తు. చాలా టీవీలు 60 దాటితే తీసుకోవు.

సీపీయూ ఆన్ చేయగానే ఎఫ్ 8 ఆగకుండా నొక్కుతూ ఉండండి. వచ్చే జాబితాలో ఎక్స్‌పీకి "ఎనేబుల్ వీజీఏ మోడ్", విండోస్ 7కి "ఎనేబుల్ లో రిజల్యూషన్ వీడియో" ఎంచుకోండి. తెర పెద్ద పెద్ద అక్షరాలతో 640 బై 480లో తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పీలో ప్రాపర్టీస్, సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, మానిటర్; విండోస్ 7లో స్క్రీన్ రిజల్యూషన్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, మానిటర్. అక్కడ 60 హెర్ట్జ్ పెట్టి, రిజల్యూషన్ 1024 బై 768 చేసి, మామూలుగా రీస్టార్ట్ చేయండి. ఊళ్లో ఇంకెవరి దగ్గరైనా పాత మానిటర్ ఉంటే ఒక్క గంట అరువు తెచ్చుకుని ఇదే మార్పు చేసుకోవడం ఇంకా సులువు.

బొమ్మ వచ్చింది, అంతా పసుపుగానో గులాబీగానో ఉంది

టీవీ పాడైందని భయపడతారు. మూడు రంగుల్లో ఒకటి దారిలో తెగిపోయింది, అంతే. తెల్లగా ఉండాల్సిన పేజీ పసుపుగా ఉంటే నీలం రావట్లేదు. గులాబీగా ఉంటే ఆకుపచ్చ లేదు. ఆకాశం రంగులో ఉంటే ఎరుపు లేదు.

వైరు ఊడదీసి, కొన వెలుతురులోకి తిప్పి పిన్నులు చూడండి. వెడల్పు వైపు పైకి పెట్టుకుంటే పై వరసలో ఒక చివర ఉన్న మొదటి మూడు పిన్నులే ఎరుపు, ఆకుపచ్చ, నీలం. సాకెట్‌లో తలకిందులుగా తోయబోతే వంగేది ఇవే. నా దగ్గరికి వచ్చిన ఒక వైరులో మూడో పిన్ను పక్క గోడకి పడుకుని ఉంది. జెల్ పెన్ను రీఫిల్ తీసేసి, ఆ ఖాళీ మొనని పిన్ను మీద తొడిగి మెల్లగా నిలబెట్టాను. పట్టకారుతో లాగితే విరుగుతుంది. ఇక్కడొక మాట: మధ్య వరసలో ఒక పిన్ను అసలు లేకపోతే కంగారు పడకండి. అది తొమ్మిదోది, చాలా వైర్లలో కంపెనీవాళ్లే పెట్టరు.

వానాకాలంలో పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి.

స్టార్ట్ బటన్ కనిపించదు, వినాయకుడు లావయ్యాడు

రెండూ వేరువేరు జబ్బులు. నాలుగు అంచులూ తెర బయటికి పోతే అది ఓవర్‌స్కాన్. పాత టీవీ ప్రసారాల్లో అంచులు నీట్‌గా ఉండేవి కావని టీవీలు బొమ్మని కాస్త పెద్దది చేసి చూపేవి, ఆ అలవాటు ఇంకా పోలేదు. టీవీ రిమోట్‌లో పిక్చర్ సైజ్‌కి వెళ్లండి. ఎల్‌జీలో "జస్ట్ స్కాన్", శామ్‌సంగ్‌లో "స్క్రీన్ ఫిట్", సోనీలో "ఫుల్ పిక్సెల్" అని ఉంటుంది.

కార్డు మీద వినాయకుడు అడ్డంగా సాగితే, 4:3 బొమ్మని 16:9 తెర లాగుతోందన్నమాట. రిజల్యూషన్ జాబితాలో 1360 బై 768 గానీ 1280 బై 720 గానీ ఉంటే పెట్టండి. లేకపోతే టీవీలోనే 4:3 ఎంచుకోండి. పక్కల నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. సాగిన తెర మీద కొలత చూసి డిజైన్ చేస్తే ప్రింటులో వేరేలా వస్తుంది, కార్డు మళ్లీ కొట్టాల్సి వస్తుంది.

అడ్డ చారలు పైకి పాకుతున్నాయి, వైరు ముట్టుకుంటే జిల్లుమంటోంది

ఇక్కడ మాత్రం పని ఆపండి. సీపీయూ ఒక గోడకి, టీవీ ఇంకో గోడకి ఉన్న ప్లగ్గుల్లో ఉండి, టీవీకి కేబుల్ వాళ్ల వైరు కూడా తగిలించి ఉంటే, ఎర్తుల మధ్య తేడా వచ్చి ఆ కరెంటు వీడియో వైరు గుండా పారుతుంది. పాత ఇళ్లల్లో ఎర్తింగే సరిగ్గా ఉండదు. చారలు వచ్చేది అందుకే. జిల్లుమనేది కూడా అందుకే, మనిషికి ప్రమాదం, పోర్టు కూడా కాలిపోవచ్చు.

అన్నీ ఆఫ్ చేసి, కేబుల్ వైరు టీవీ నుంచి ఊడదీయండి. టీవీ, సీపీయూ రెంటినీ మూడు పిన్నుల ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి. చారలు పోతే తప్పు ఆ ఎర్తుల తేడాదే. జిల్లు మాత్రం ఇంకా ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి. చారలు పోతాయని ఎవరైనా ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే వినకండి. వీడియో వైర్లు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ రెండూ ఆఫ్‌లో ఉండాలి.

సౌండ్ లేదు

వీజీఏలో సౌండ్ ఉండదు. పాత డీవీఐలోనూ చాలావరకు ఉండదు. సీపీయూ వెనక ఆకుపచ్చ జాక్ నుంచి కన్వర్టర్‌కి 3.5 మిల్లీమీటర్ల వైరు వేయండి, లేదా చిన్న స్పీకర్లు పెట్టుకోండి.

అన్నీ బాగున్నాయి, అక్షరాలే మసకగా ఉన్నాయి

డీటీపీ వాళ్లకి ఇదే అసలు బాధ. సినిమా చూసేవాళ్లకి తెలియదు గానీ, ఒత్తులు కనబడకపోతే ప్రూఫ్ దిద్దలేం. ముందు టీవీలో షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. ఎక్కువగా ఉంటే ప్రతి గీత చుట్టూ తెల్లటి నీడ వస్తుంది. ఇన్‌పుట్ పేరు మార్చే వీలుంటే "పీసీ" అని పెట్టండి, చాలా టీవీలు అప్పుడు బొమ్మకి మెరుగులు దిద్దడం మానేస్తాయి. టీవీకే వీజీఏ సాకెట్ ఉండి నేరుగా కలిపితే మెనూలో "ఆటో అడ్జస్ట్" ఒకసారి నొక్కండి. అక్షరాల పక్కన నీడ పడుతుంటే వైరు మరీ పొడుగైనా, చవకదైనా కారణం అదే. మీటరున్నర పొడవున్న, మందపాటి వైరుకి మార్చండి. పసుపు రంగు ఏవీ జాక్, ఎస్ వీడియో జోలికి మాత్రం వెళ్లకండి. మన పాల్ పద్ధతిలో అందులో కనిపించేవి 576 గీతలే, అక్షరాల పనికి చాలవు.

సరిగ్గా కుదిరిందో లేదో చూడ్డానికి నేను పేజ్‌మేకర్‌లో పన్నెండు పాయింట్లలో "చి. ల. సౌ. లక్ష్మీ" అని కొట్టి, వంద శాతంలో పెట్టి, కుర్చీలోంచి చూస్తాను. క్ష కింద మ ఒత్తు విడిగా కనిపిస్తే ఆ టీవీ మీద కార్డు దిద్దొచ్చు. కనిపించకపోతే పైన చెప్పినవి మళ్లీ మొదటి నుంచి చూస్తాను.