ఫ్యాన్ గేమ్ విడుదల చేసే ముందు: పేరు పోయినా పని మిగలాలంటే

"ఉచితంగానే ఇస్తున్నాం కదా, మన జోలికెవరొస్తారు" అనే ధీమా ఫ్యాన్ గేమ్‌లు (వేరేవాళ్ల గేమ్‌లోని పాత్రలు, పేర్లు తీసుకుని అభిమానులు చేసే గేమ్‌లు) చేసేవాళ్లలో చాలామందికి ఉంటుంది. ఆ ధీమా ఎంత బలహీనమో 2016 ఆగస్టులో తేలిపోయింది. తొమ్మిదేళ్లు కష్టపడి చేసిన పోకెమాన్ యురేనియం 15 లక్షల డౌన్‌లోడ్లు దాటింది. నింటెండో తరఫు లాయర్ల నోటీసులు చూసి తయారీదారులే లింకులు తీసేశారు. నింటెండోదే అయిన మెట్రాయిడ్ గేమ్ 30వ వార్షికోత్సవం రోజున, అదే నెల 6న, మెట్రాయిడ్ 2కు అభిమానులు చేసిన రీమేక్ ఏఎం2ఆర్ విడుదలైంది. ఒకట్రెండు రోజుల్లోనే దాని లింకులూ పోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో నింటెండో అదే పాత గేమ్‌కు తన సొంత రీమేక్ తెచ్చింది. యురేనియం, ఏఎం2ఆర్ రెండూ ఉచిత గేమ్‌లే.

కాబట్టి ముందు చూడాల్సింది హక్కుదారు ఎవరన్నది. అండర్‌టేల్, టోహో గేమ్‌ల సృష్టికర్తలు అభిమానులు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో నిబంధనలు రాసి పెట్టారు. అవి ఉంటే అక్షరం వదలకుండా చదవండి. ఫలానా కంపెనీ మంచిదట అన్న మాట మాత్రం నమ్మొద్దు. సోనిక్ ఫ్యాన్ గేమ్‌లు చేసినవాళ్లను పిలిచి 2017లో సోనిక్ మేనియా చేయించుకున్న సెగానే, 2011లో స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్‌ను విడుదలైన కొద్ది రోజులకే తీయించేసింది.

"హక్కులన్నీ అసలు యజమానివే, ఇది అభిమానుల పని" అని మొదటి స్క్రీన్ మీద రాయడం వల్ల ఆడేవాళ్లు అధికారిక గేమని పొరబడరు. దాని ప్రయోజనం అంతవరకే. అనుమతి లేదని తెలిసే వాడామని రాసిచ్చినట్టు కూడా అవుతుంది. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని మినహాయింపులు సొంత వాడకం, విమర్శ, సమీక్షలాంటి వాటికి. మొత్తం గేమ్‌ను నెట్‌లో పెట్టడం వాటిలో ఇమడటం కష్టం. విరాళాలు, ప్రకటనలు, యూపీఐ క్యూఆర్ కోడ్ అసలే వద్దు.

అసలు జాగ్రత్త కోడ్‌లో ఉంది. సోనీ గేమ్ బ్లడ్‌బోర్న్ పేరుతో అభిమానులు తయారుచేసిన కార్ట్ రేసింగ్ గేమ్ 2024 జనవరి 31న రావాల్సింది. సోనీ నుంచి కబురు రావడంతో బ్లడ్‌బోర్న్ గుర్తులన్నీ తీసేసి, నైట్‌మేర్ కార్ట్ అనే పేరుతో మే 31న వచ్చింది. నాలుగు నెలల ఆలస్యం, అంతే. మీ గేమ్ కూడా అలా బతకాలంటే మొదటి రోజు నుంచే పాత్రల పేర్లు, డైలాగులు ఒకే సీఎస్‌వీ (పట్టికలాంటి టెక్స్ట్) ఫైల్లో, అరువు తెచ్చిన బొమ్మలూ శబ్దాలూ ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. కోడ్‌లో వేరియబుల్ పేరు "హీరో1" అని ఉండాలి గానీ "మారియో" అని కాదు. విండో టైటిల్, ఐకాన్, సేవ్ ఫోల్డర్ పేరు, వెబ్‌సైట్ చిరునామా చాలామంది మరిచిపోతారు. ఆండ్రాయిడ్ ప్యాకేజీ పేరైతే ప్లే స్టోర్‌లో ఒకసారి పెట్టాక మార్చలేరు. కోడ్ మార్పులన్నీ దాచే గిట్‌లో ఫైల్ డిలీట్ చేసినంత మాత్రాన పాత కమిట్ల (దాచిన పాత రూపాల) నుంచి పోదు. హిస్టరీని ఫిల్టర్-రెపో అనే టూల్‌తో శుభ్రం చేయాలి.

పాత గేమ్‌ను మార్చి చేసేవాళ్లు రోమ్ (ROM, అసలు గేమ్ మొత్తం ఉన్న) ఫైల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ పంచొద్దు, అందులో ఏం మార్చాలో చెప్పే ప్యాచ్ ఫైల్ మాత్రమే ఇవ్వండి. అందులోనూ ఒక మెలిక ఉంది. ఐపీఎస్ రకం ప్యాచ్ "ఈ చోట ఈ బైట్లు పెట్టు" అని మాత్రమే చెప్పగలదు. మీరు అసలు డేటాను వేరే చోటికి జరిపి ఉంటే, ఆ డేటా మొత్తం ప్యాచ్‌లోకి ఎక్కి కూర్చుంటుంది. బీపీఎస్ రకం ప్యాచ్ ఆడేవాళ్ల దగ్గరున్న ఫైల్ నుంచే కాపీ చేసుకుంటుంది, తప్పు ఫైల్ ఇస్తే చెక్‌సమ్ (ఫైల్‌ను గుర్తుపట్టే సంఖ్య) చూసి ఆగిపోతుంది. అలాగని ప్యాచ్ ఇస్తే గండం గడిచినట్టు కాదు. పోకెమాన్ ప్రిజమ్ కూడా పాత గేమ్‌ను మార్చి చేసిందే. 2016 డిసెంబర్ 25 విడుదల తేదీ అని ముందే చాటారు, 21న నోటీసు వచ్చింది. తేదీతో ట్రైలర్ వదలడమంటే అవతలివాళ్లకు గడువు రాసిచ్చినట్టే.

బృందంలో సంగీతం చేసిన అబ్బాయి, బొమ్మలు గీసిన అమ్మాయి తర్వాత దూరమైతే, పేరు మార్చి విడుదల చేద్దామన్నా వాళ్ల పని వాడుకోవడం చిక్కే. హక్కు బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. మన చట్టం 19వ సెక్షన్ ప్రకారం కాలం రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. రెండూ స్పష్టంగా రాయించుకోండి.

ఇక నోటీసు వస్తే ఆవేశంగా పోస్టులు పెట్టకండి. మెయిల్‌ను హెడర్లతో (ఎక్కడి నుంచి వచ్చిందో చూపే వివరాలతో) సహా దాచండి, పంపిన లాయర్ల సంస్థ నిజమైనదో కాదో వాళ్ల సైట్‌లోని చిరునామాతో పోల్చి చూడండి, గడువు రాసుకోండి. అమెరికా సైట్లలో ఫైల్ తీసేయడం పొరపాటని కౌంటర్ నోటీసు వేస్తే, అవతలివాళ్లు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో ఫైల్ తిరిగి పెడతారు. కానీ అది అబద్ధమైతే శిక్షకు సిద్ధమని చెప్తూ, అక్కడి కోర్టు పరిధికి ఒప్పుకుంటూ చేసే సంతకం. లాయర్‌ను అడగకుండా చేయొద్దు. మన దగ్గర రాతపూర్వక ఫిర్యాదు అందాక సైట్ ఆ ఫైల్‌ను 36 గంటల్లో ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు రాకపోతే తిరిగి తెరవొచ్చు.

తీసేయాలని నిర్ణయించుకుంటే పూర్తిగా తీయండి. డ్రైవ్ లింకులు, డిస్కార్డ్‌లో పిన్ చేసినవి, యూట్యూబ్ వీడియో కింద పెట్టిన పాత బిల్డ్, అన్నీ. ఆ తర్వాత మారుపేరుతో టొరెంట్‌లో వదిలి "ఎవరో లీక్ చేశారు" అనే ఆట ఆడొద్దు. మామూలు హెచ్చరికతో ముగిసేది కేసు దాకా వెళ్లేది అక్కడే.